నొప్పి లేని జబ్బు

ఈ సంవత్సరపు ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాసి ఇవ్వమని సంపాదకవర్గ మిత్రులు అడిగారు. "సైన్సు విద్యార్థివి కదా, చంద్రయాన్ మీద వ్రాయి" అని సలహా కూడా ఇచ్చారు. చంద్రుణ్ణి గురించి నాకు తెలిసినది పేపరు చదివే ప్రతివారికీ తెలుసు. నాకు కాస్త దగ్గరగా తెలిసిన వస్తువు ఒకటే ఉంది, అది మూత్రపిండం. పిడికిలంత ఉంటుంది, చిక్కుడు గింజ ఆకారం, మనిషికి రెండు. ఏడాది కాలంగా మా ఇంట్లో అన్నాల దగ్గర, పొలం గట్టు మీద, చివరికి మా అక్క పెళ్ళి మాటల్లో కూడా దీని ప్రస్తావనే. అందుచేత దీని మీదే వ్రాస్తున్నాను. మూత్రం, మూత్రనాళం వంటి మాటలు సావనీరులో బాగుండవని ముఖం చిట్లించే పెద్దలు క్షమించాలి. జంతుశాస్త్రం మాస్టారు బోర్డు మీద బొమ్మ గీసి చెబితే మర్యాదగానే ఉంటుంది కదా!

మా ఊరు ఎచ్చెర్లకు బస్సులో అరగంట. నారాయణపురం ఆనకట్ట కాలువ కింద రెండెకరాల వరి, మెట్టలో కాసింత గోగు, పెసర. మా నాన్నకు జ్వరం వస్తే పడుకోవాలని తెలియదు. అటువంటి మనిషి మే నెలలో ఒక తెల్లవారుజామున పశువుల సాలలో నడుం పట్టుకుని కూలబడిపోయాడు. కూర్చోలేడు, నిలబడలేడు, పడుకోలేడు. నొప్పి వీపు పక్కనుంచి బయలుదేరి గజ్జల దాకా దిగుతోంది. వాంతులు. పాము కరిచిందేమోనని అమ్మ దీపం పెట్టి కాళ్ళు వెతికింది. ఆటో కట్టించి శ్రీకాకుళం తీసుకువెళ్ళి స్కాన్ తీయిస్తే ఎడమ మూత్రనాళంలో అయిదు మిల్లీమీటర్ల రాయి అన్నారు. ప్రసవ వేదన తరువాత చెప్పుకోవలసినది ఈ నొప్పేనని డాక్టరు గారు అంటే, మా అమ్మ "నాను ముగ్గుర్ని కన్నాను బాబూ, ఇలాగెప్పుడూ ఊరు లేపలేదు" అంది.

మేము ఇంటికి వచ్చేసరికి వైద్యం ముందుగానే వచ్చి కూర్చుంది. ఒకరు ఉలవచారు అన్నారు, ఒకరు అరటి దవ్వ రసం, ఒకరు కొండపిండి ఆకు. మా బాబాయి ఒకడు బీరు సీసా తెచ్చి, రాయికి ఇంతకు మించిన మందు లేదని ప్రమాణం చేశాడు. (ఆ సీసాలో సగం ఆయనే తాగాడు, ఆయనకు రాయి లేదు.) డాక్టరు గారు చెప్పినది చాలా సాదా: అయిదు మిల్లీమీటర్ల రాళ్ళు చాలావరకు వాటంతటవే దిగిపోతాయి, నొప్పికి మందు ఇస్తాను, నాళం సడలడానికి మాత్ర ఇస్తాను, రోజుకు మూడు లీటర్లకు తగ్గకుండా నీళ్ళు తాగు, మూత్రం వడగట్టి చూసుకో. "నీల్లు తాగడానికీ సీటీ రాయాలేటిరా?" అని నాన్న నన్ను అడిగాడు. పదకొండో రోజున రాయి టీ వడకట్టులో పడింది. ఆ వడకట్టును అమ్మ మళ్ళీ వంటింటి గుమ్మం దాటనివ్వలేదు.

పెసరగింజంత ఉంది. గోధుమ రంగు, ఒళ్ళంతా ముళ్ళు. దాన్ని కాగితంలో పొట్లం కట్టి కాలేజీకి తెచ్చాను. మాస్టారి అనుమతితో ఓ ముక్క నూరి, పలచని సల్ఫ్యూరిక్ ఆమ్లంలో వేడి చేసి, అందులో పొటాషియం పర్మాంగనేట్ చుక్కలు వేశాను. మనం మొదటి సంవత్సరంలో బ్యూరెట్ పట్టుకుని విసుక్కుంటూ చేసే టైట్రేషనే. గులాబి రంగు పడీ పడగానే మాయమైపోయింది. "యూరిక్ ఆమ్లం కూడా ఆ పని చెయ్యగలదు, తొందరపడకు" అన్నారు మాస్టారు. ఇంకో ముక్కకు నత్రికామ్లం, అమోనియాతో మ్యూరెక్సైడ్ పరీక్ష చేస్తే ఊదారంగు రాలేదు. జ్వాలలో పెడితే ఇటుక ఎరుపు. అంటే కాల్షియం ఆక్సలేట్. మనుషులకు వచ్చే రాళ్ళలో అధికభాగం ఇవే. మా నాన్న పేరు మీద ఒక రసాయన సూత్రం ఉండటం నాకు ఎందుకో గర్వంగా తోచింది.

రసాయనశాస్త్రం ఈ రాళ్ళకు కొంత రుణపడి ఉంది. 1776లో షీలే యూరిక్ ఆమ్లాన్ని కనుక్కున్నది మూత్రాశయపు రాళ్ళలోనే. 1810లో వోలస్టన్ ఒక రాయిలో వేరు చేసిన పదార్థమే సిస్టిన్, మనం ఇప్పుడు అమైనో ఆమ్లాల పట్టికలో బట్టీ వేసేది. ఇక రాయిని కోసి తీసే విద్య మన సుశ్రుతుడి గ్రంథంలో అశ్మరి చికిత్సగా ఉంది. గ్రీసు దేశపు వైద్యుల ప్రమాణంలో మాత్రం రాళ్ళ కోసం కత్తి పట్టనని, అది ఆ పని తెలిసినవారికి వదిలేస్తానని ఉంటుంది. అంటే అప్పటికే ఇది ఎంత పాత బాధో ఊహించండి.

రాయి ఎలా పుడుతుందో తెలియాలంటే పుస్తకం అక్కరలేదు, నౌపడ వెళ్ళి ఉప్పు మడులు చూస్తే చాలు. సముద్రపు నీటిలో ఉప్పు ఎప్పుడూ ఉంటుంది, కనబడదు. ఎండకు నీరు తగ్గుతున్న కొద్దీ ఉప్పు ఇముడ్చుకోలేని స్థితి వస్తుంది, అప్పుడు ఒక గింజ కడుతుంది, దాని మీద ఇంకొకటి. వైశాఖపు ఎండలో పొద్దున్న ఆరింటికి వెళ్ళి ఒంటిగంట దాకా గట్లు వేసే రైతు ఒంట్లో నీరు చెమటగా పోతుంది. మూత్రపిండం ఉన్న కాస్త నీటినీ పిండి దాచుకుంటుంది, మూత్రం చిక్కబడుతుంది. అందులో కాల్షియం, ఆక్సలేటు కలిసి గింజ కడతాయి. మడి నౌపడలో ఉన్నా మా నాన్న నడుంలో ఉన్నా సూత్రం ఒకటే.

దీనిలో ఒక వింత కూడా ఉంది. రాయిలో ఉన్నది కాల్షియం కనుక పాలు, పెరుగు మానెయ్యమని ఊరంతా చెప్పింది, నాన్న మజ్జిగ లేకుండా నెల రోజులు అన్నం తిన్నాడు. కాని 1993లో అమెరికాలో సుమారు 45,000 మంది మగవారి ఆహారాన్ని పరిశీలించి ప్రకటించిన అధ్యయనంలో, తిండిలో కాల్షియం ఎక్కువ తీసుకున్నవారికే రాళ్ళు తక్కువ వచ్చాయి! కడుపులో కాల్షియం ఉంటే అది ఆక్సలేటును పేగులోనే పట్టుకుని బయటకు పంపేస్తుంది, రక్తంలోకి పోనివ్వదు. ఈ మాట నేను చెబితే మా నాన్న నమ్మలేదు, డాక్టరు గారు చెబితే నమ్మాడు. ఆ పూటే గెడ్డ పెరుగు తిన్నాడు.

ఇంతవరకు చెప్పినది నవ్వుకుంటూ చెప్పదగ్గ కథ. నాన్న అరిచాడు, మేము పరుగెత్తాం, రాయి దిగింది. రెండో కథ అటువంటిది కాదు.

మా అమ్మ కన్నవారిది ఉద్దానం. పలాస దాటి ఇచ్ఛాపురం వైపు వెళ్ళేటప్పుడు కుడివైపున సముద్రం దాకా కనిపించే పచ్చదనమంతా అదే. కొబ్బరి, జీడిమామిడి, పనస. ఉద్యానవనం అన్న మాటే ఉద్దానం అయిందంటారు. చిన్నప్పుడు వేసవి సెలవులంటే మాకు అదే. మా మావ, అమ్మ తమ్ముడు, ఒక చేత్తో కత్తి పట్టుకుని మూడు దెబ్బల్లో బొండాం కొట్టి ఇచ్చేవాడు. కుస్తీ పట్లు చూపించేవాడు. ఆయనకు ఇప్పుడు నలభై నాలుగేళ్ళు. మూడేళ్ళుగా మంగళవారం ఒకసారి, శుక్రవారం ఒకసారి, డయాలిసిస్ మంచం మీద నాలుగేసి గంటలు పడుకుంటాడు.

ఆయనకు షుగరు లేదు. ఎప్పుడూ రాయి రాలేదు. నడుం నొప్పి రాలేదు. రక్తపు పోటు కూడా మొదట లేదు, జబ్బు ముదిరాక వచ్చింది. నీరసం అన్నాడు, ఆకలి లేదన్నాడు, నోట్లో ఇనుము చప్పరించినట్టు ఉందన్నాడు. తితిలీ తుపాను కొట్టినాక, అంటే 2018 అక్టోబరు తరువాత, పడిపోయిన చెట్ల స్థానంలో కొత్త మొక్కలకు గోతులు తవ్వీ తవ్వీ అలసిపోయాడని ఇంట్లో అందరూ అనుకున్నారు. ఒళ్ళు నొప్పులకు సంతలో దొరికే బిళ్ళలు వేసుకునేవాడు. రక్తం తీసే బృందం వాళ్ళ వీధికి వచ్చినరోజు తోటలో ఉండిపోయాడు. పరీక్ష చేయించేసరికి క్రియాటినిన్ తొమ్మిది దాటింది. మామూలు మనిషికి ఒకటికి అటూ ఇటూ ఉండాలి.

"నొప్పుంటే తెలిసును గదరా అల్లుడా. మీ నాన్న రాయి అదృష్టంరా. సెప్పి వచ్చింది" అన్నాడు మావ.

ఈ ఒక్క మాట కోసమే ఈ వ్యాసం వ్రాస్తున్నానేమో.

మూత్రపిండంలో సుమారు పది లక్షల వడపోత గొట్టాలుంటాయి. రెండూ కలిసి రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని వడగట్టి, అందులో ఒకటిన్నర, రెండు లీటర్లు మాత్రమే బయటకు వదిలి మిగతాదంతా రక్తానికి తిరిగి ఇచ్చేస్తాయి. ఈ గొట్టాలు ఒక్కొక్కటీ చచ్చిపోతుంటే బతికున్నవి ఆ బరువు కూడా తామే మోస్తాయి. కూలి తక్కువైనా నాట్లు ఆగకుండా చేసే ఆడవాళ్ళలాగ. అందుచేత పని సగానికి సగం పడిపోయేదాకా రక్త పరీక్షలో కూడా అంకె పెద్దగా కదలదు, మనిషికి అసలే తెలియదు. రాయి నాళంలో అడ్డం పడితే నాళం ఉబ్బి నరాలు గగ్గోలు పెడతాయి. గొట్టాలు ఎండిపోతే చెప్పే నరం లేదు. ప్రకృతి ఈ విషయంలో పొరపాటు చేసిందని నా అభిప్రాయం.

ఉద్దానపు జబ్బు గురించి ఈ జిల్లా విద్యార్థులలో తెలియనివారుండరు. కాని సరిగా తెలిసినవారు తక్కువ. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, వజ్రపుకొత్తూరు, మందస, పలాస మండలాల పేర్లే ఎక్కువగా వినబడతాయి. విశాఖపట్నం నుంచి డాక్టరు రవిరాజు గారి వంటి మూత్రపిండ వైద్యులు చాలా ఏళ్ళుగా ఈ ఊళ్ళను పరిశీలించారు. 2019లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో 2,210 మందిని పరీక్షిస్తే నూటికి పద్దెనిమిది మందికి పైగా మూత్రపిండాల జబ్బు కనబడింది. వారిలో నాలుగింట మూడు వంతులకు దగ్గరగా, షుగరు వంటి తెలిసిన కారణం ఏదీ లేదు. కారణం? నీటిలో సిలికా అన్నారు, భారలోహాలు అన్నారు, పురుగుమందులు అన్నారు, నొప్పి బిళ్ళలన్నారు, ఎండలో నీళ్ళు లేకుండా చేసే కష్టం అన్నారు, వంశంలో ఉందన్నారు. ఏ ఒక్కటీ ఇదే అని నేటికీ రుజువు కాలేదు. ఎవరైనా టీ కొట్టు దగ్గర "అది నీల్ల వల్లే" అని ఒక్క మాటలో తేల్చేస్తుంటే నాకు కొంచెం కోపం వస్తుంది. కావచ్చు. కాని "కావచ్చు" అన్నది సైన్సులో సమాధానం కాదు, ప్రశ్న.

ఇది మన ఒక్కరి బాధ కూడా కాదు. శ్రీలంకలో అనురాధపురం చుట్టుపక్కల వరి రైతులకు ఇదే తీరు జబ్బు. మధ్య అమెరికాలో ఎల్ సాల్వడార్, నికరాగువా దేశాల చెరుకు కోత కూలీలకు ఇదే. ఎక్కడ చూసినా వేడి ప్రదేశం, ఎక్కడ చూసినా ఒంటి కష్టం చేసేవాళ్ళు, ఎక్కడ చూసినా నొప్పి లేదు. చెరుకు తోటల్లో కొన్నిచోట్ల నీళ్ళు, నీడ, విరామం మూడూ కూలీకి లెక్కగా ఇచ్చే పద్ధతి పెట్టి చూస్తున్నారు. కారణం పూర్తిగా తేలకుండానే చెయ్యగలిగిన పని అది. మా నాన్నకు రాయి డాక్టరు చెప్పినది కూడా దాదాపు అదే కదా అనిపించింది నాకు.

మావతో డయాలిసిస్‌కు వెళ్ళినప్పుడు ఆయన పక్కన స్టూలు మీద కూర్చోవడం నా డ్యూటీ. నాలుగు గంటలు. మొదటిరోజు గొట్టంలో ఎర్రగా తిరుగుతున్న రక్తం చూసి నాకే కళ్ళు తిరిగాయి, నర్సమ్మగారు మావను వదిలేసి నాకు నీళ్ళిచ్చారు. తరువాత అలవాటయింది. ఊరికే కూర్చోలేక ఈ యంత్రం ఎక్కడ పుట్టిందని చదవడం మొదలుపెట్టాను. చదివిన కొద్దీ ఒక విషయం తేలింది: మూత్రపిండం గురించి మనకు తెలిసినదానిలో చాలా భాగం యుద్ధాలు నేర్పినదే.

1940, 41లలో లండను మీద బాంబులు పడుతున్నప్పుడు, కూలిన ఇళ్ళ కింద నుంచి కొందరిని ప్రాణాలతో లాగారు. కాలో చెయ్యో నలిగింది, అంతే. మాట్లాడుతున్నారు, టీ తాగుతున్నారు. కొన్నాళ్ళకు మూత్రం ఆగిపోయి చనిపోయారు. బైవాటర్స్ అనే డాక్టరు తన సహచరుడితో కలిసి 1941లో దీన్ని వర్ణించాడు. నలిగిన కండలోని పదార్థం రక్తంలో కలిసి మూత్రపిండాల గొట్టాలను పాడుచేస్తోంది. ఆ తరువాత 1943లో, జర్మన్ల ఆక్రమణలో ఉన్న హాలెండులో కాంపెన్ అనే చిన్న ఊళ్ళో కోల్ఫ్ అనే యువ వైద్యుడు, సాసేజీల పైతొడుగుకు వాడే సెల్లోఫేన్ గొట్టాన్ని ఒక చట్రానికి చుట్టి, ఉప్పునీటి తొట్టిలో తిప్పి, మనిషి రక్తాన్ని కడిగాడు. అదే మా మావ పక్కన గురగురమంటున్న యంత్రానికి ముత్తాత. మొదటి రోగులు దాదాపు అందరూ చనిపోయారు. 1945లో ఒక అరవై ఏడేళ్ళ ముసలామె బతికింది. ఆమె శత్రువులతో చేతులు కలిపిందని నిర్బంధంలో ఉన్న మనిషి. ఆయన అదేమీ చూడలేదు.

కొరియా యుద్ధంలో 1952 ప్రాంతంలో కృత్రిమ మూత్రపిండాన్ని యుద్ధరంగం దగ్గరి ఆసుపత్రికే తీసుకువెళ్ళారు. గాయాల వల్ల మూత్రం ఆగిపోయిన సైనికులలో అంతకుముందు నూటికి తొంభై మంది దాకా చనిపోయేవారు, అది రమారమి సగానికి వచ్చింది. 1954లో బోస్టన్‌లో కవల సోదరుల మధ్య మూత్రపిండాన్ని మార్చి అతికించిన జోసెఫ్ ముర్రే, యుద్ధకాలంలో సైనికుల కాలిన గాయాలకు చర్మం అతుకుతూ ఆ విద్య ఆలోచించినవాడే. రాయిని కోత లేకుండా పగలగొట్టే యంత్రం కూడా విమానాల కంపెనీ డోర్నియర్ ఇంట పుట్టింది. వేగంగా పోయే విమానానికి వాన చినుకు తగిలితే పుట్టే ఘాత తరంగాల మీద వారి పరిశోధన, 1980లో మ్యూనిక్‌లో ఒక రోగి రాయిని పిండి చేసింది. ఇటీవలి ఇరాక్, అఫ్ఘానిస్తాన్ యుద్ధాలలో నేలలో పాతిన బాంబులు పేలి, ఛాతీకి కవచం ఉన్నా నడుం కింద భాగం దెబ్బతిన్న సైనికులు ఎందరో. మూత్రమార్గాన్ని తిరిగి కట్టే శస్త్రచికిత్సలకు వారి గాయాలు కొత్త పాఠాలు చెప్పాయి. మన జిల్లా నుంచి సైన్యంలోకి వెళ్ళిన అన్నయ్యలు ఎందరున్నారో తలచుకుంటే ఆ వాక్యాన్ని మామూలుగా చదవలేకపోయాను.

ఇంకొకటి. క్రియాటినిన్‌ను కొలిచే పాత పద్ధతికి యాఫే ప్రతిచర్య అని పేరు, 1886 నాటిది. ఈనాటికీ చాలా ప్రయోగశాలలలో అదే. క్షార ద్రావణంలో పిక్రిక్ ఆమ్లం కలిపితే నారింజ ఎరుపు రంగు వస్తుంది, ఎంత ఎరుపో అంత క్రియాటినిన్. పిక్రిక్ ఆమ్లం అంటే ఏమిటి? బోయర్ యుద్ధంలో, మొదటి ప్రపంచయుద్ధంలో ఫిరంగి గుండ్లలో లిడ్డైట్ పేరుతో దట్టించిన పేలుడు పదార్థం. మన కెమిస్ట్రీ లాబులో దాన్ని తడిగా ఉంచి ఎందుకు దాస్తారో సీనియర్లకు తెలుసు. అదే గుండు మందు పరీక్షనాళికలో నిశ్శబ్దంగా ఎర్రబడి, మా మావ ఒంట్లో జరుగుతున్నది చెప్పింది. నొప్పి చెప్పవలసిన మాటను అది చెప్పింది, కాకపోతే చాలా ఆలస్యంగా.

యుద్ధంలో దెబ్బ తిన్నవాడు పదిమంది కళ్ళ ముందు పడతాడు. వాడి వెనక సైన్యం ఉంటుంది, డబ్బు ఉంటుంది, అందుకే వైద్యం పరుగెత్తుకు వస్తుంది. ఉద్దానంలో ఒక్కొక్కరే, ఎవరి తోటలో వారు, ఎవరి అరుగు మీద వారు కూలబడ్డారు. మావ కన్నా ముందు తరంవాళ్ళు డయాలిసిస్ కోసం రెండు వందల కిలోమీటర్లు పైగా విశాఖ వెళ్ళి వచ్చేవారు. కొందరు వెళ్ళడం మానేసి ఇంటి దగ్గరే ఉండిపోయారు. 2017 తరువాత దగ్గరలో కేంద్రాలు వచ్చాయి. 2019లో డయాలిసిస్ రోగులకు నెలకు పదివేల పింఛను వచ్చింది. 2023 డిసెంబరులో పలాసలో రెండు వందల పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభించారు. హిరమండలం నుంచి వంశధార నీటిని గొట్టాలలో ఉద్దానం ఊళ్ళకు తెచ్చే పథకాన్నీ అదే నెలలో ప్రారంభించారు. ఇవి చిన్న పనులు కావు, కాదనను. "కొత్త నీరు మంచిదేరా. పాత నీరు నలబై ఏళ్ళు తాగేసినాను గదా, దాన్నెవలు తీత్తారు?" అన్నాడు మావ.

నాన్న, మావ ఇద్దరూ సంక్రాంతికి మా ఇంట్లో ఒకే అరుగు మీద కూర్చున్నారు. నాన్న పక్కన రెండు లీటర్ల సీసా. మావ పక్కన చిన్న స్టీలు గ్లాసు, అందులో మూడు వంతులు, అది సాయంత్రం దాకా. మావ మూత్రపిండాలు నీటిని బయటకు పంపలేవు, తాగిందంతా ఒంట్లోనే నిలిచి ఊపిరితిత్తుల్లో చేరుతుంది. అరవై కొబ్బరిచెట్లున్న మనిషి బొండాం తాగకూడదు. కొబ్బరి నీళ్ళలో పొటాషియం ఎక్కువ, అది రక్తంలో పేరుకుంటే గుండె ఆగిపోవచ్చు. పనసపండు, జీడిపప్పు కూడా అదే కారణం చేత వద్దన్నారు. ఉద్దానం పండించేవి ఏవైతే ఉన్నాయో అవన్నీ ఉద్దానం రోగికి నిషేధం. నాన్న నీళ్ళు తాగబోయి, మావను చూసి, సీసా కాలి వెనక్కి పెట్టుకున్నాడు. మావ అది గమనించి "తాగు బావా, నీ వంతూ నా వంతూ నువ్వే తాగు" అన్నాడు. మేమందరం నవ్వాం, అమ్మ మాత్రం లోపలికి వెళ్ళిపోయింది.

ఆ పండక్కే మావ మా అక్కకు సంబంధం తెచ్చాడు. కవిటి వైపు కుర్రవాడు, ఐ.టి.ఐ. చదివి కరెంటు పని చేస్తాడు, కొంత కొబ్బరితోట ఉంది. కట్నం మాట ఎత్తలేదు. నాన్న మూడు రోజులు ఏమీ అనలేదు. నాలుగో రోజు అన్నం తింటూ "పిల్లడు మంచోడే. ఊరే..." అని ఆగిపోయాడు. అమ్మ చేతిలో గరిటె కింద పెట్టింది. "నానూ ఆ ఊరి పిల్లనే. ఆ నీల్లే తాగి పెరిగినాను. నన్ను సేసుకున్నప్పుడు నీకు ఊరు కనబడలేదా?" అంది. ఉద్దానం ఊళ్ళకు పిల్లనివ్వడానికి జంకుతున్నారని పేపర్లో చదివినప్పుడు అది వార్త. మా వంటింట్లో విన్నప్పుడు వార్త కాదు. ఇద్దరూ నా వైపు తిరిగారు. "సైన్సు సదువుతున్నావు గదా, నువ్వు సెప్పు" అన్నాడు నాన్న.

ఇరవయ్యేళ్ళ బి.ఎస్సీ. కుర్రాడు అక్క జీవితం మీద తీర్పు చెప్పాలి! నాకు తెలిసినది చెప్పాను. ఊరు జబ్బు కాదు. అంటుకునేది కాదు. ఆ ఊళ్ళలో ఎక్కువమందికి లేదు, ఉన్నవారికి ఎందుకు వచ్చిందో తేలలేదు. రక్త పరీక్ష మంచిగా వస్తే ధైర్యమే కాని జీవితాంతం హామీ కాదు, మన ఊళ్ళో ఏ పెళ్ళికొడుక్కీ మాత్రం ఆ హామీ ఎవరిచ్చారు? ఏడాదికొకసారి పరీక్ష, ఎండలో పని తగ్గించడం, మంచినీళ్ళు, నొప్పి బిళ్ళలు డాక్టరు చెప్పకుండా మింగకపోవడం, ఇవి చేతిలో ఉన్న పనులు. ఆ తరువాత అక్కను అడగండి అన్నాను. ఆ ముక్క ఎవరికీ తోచలేదు.

అక్క కుర్రవాణ్ణి చూడాలంది. అతను వచ్చాడు. ఎవరూ అడగకముందే చొక్కా జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసి నాన్న చేతిలో పెట్టాడు. క్రియాటినిన్ 0.9. ఆరునెలలకోసారి తీయిస్తానని, పాత కాగితాలు కూడా ఇంట్లో ఉన్నాయని చెప్పాడు. నాన్న కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చూశాడు. అప్పుడతను మెల్లగా, "అమ్మాయిగారికి కూడా ఒకసారి తీయించండి మావయ్యగారూ. అత్తయ్యగారిది మా వైపే కదా. ఆడోళ్ళకి రాదనేటీ లేదు" అన్నాడు. ఇంట్లో ఒక నిమిషం ఎవరూ మాట్లాడలేదు. నాకైతే ఆ నిమిషంలోనే అతను నచ్చాడు. అక్కకూ నచ్చినట్టుంది, మర్నాడు తనే బయలుదేరి వెళ్ళి పరీక్ష చేయించుకుంది. 0.7. అమ్మను కూడా బలవంతంగా తీసుకువెళ్ళింది. ఆ అంకె కోసం ఎదురుచూసిన సాయంత్రం గురించి ఇక్కడ వ్రాయను. బాగానే ఉంది.

ముహూర్తం దగ్గర మళ్ళీ పేచీ వచ్చింది. పంతులుగారు శుక్రవారం దివ్యంగా ఉందన్నారు. అమ్మ ఒప్పుకోలేదు, శుక్రవారం తమ్ముడికి డయాలిసిస్. మంగళవారం ఎలాగూ కాదు. నక్షత్రాలనైనా మార్చవచ్చు గాని ఆసుపత్రి మంచం ఖాళీ దొరకదని ఆయనకు నచ్చజెప్పి, చివరకు ఫాల్గుణ మాసంలో ఒక బుధవారం రాత్రికి కుదిర్చాం. ముందురోజే రక్తం శుభ్రమవుతుంది కనుక మావ ఆ రోజు కాస్త తేలిగ్గా ఉంటాడు.

ఇక మిగిలింది గంప. పెళ్ళికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మేనమామ మోసుకురావాలి. మావ ఎడమచేతిలో డయాలిసిస్ కోసం రక్తనాళాలు కలిపి కుట్టారు. చెయ్యి వేస్తే లోపల తుమ్మెద తిరుగుతున్నట్టు గురగురమంటుంది. ఆ చేత్తో బరువెత్తకూడదు. "ఒక సేత్తోనే ఎత్తుతాను, సూడు" అంటాడు ఆయన. వద్దంటే వినడు. గంప కుడిపక్క మావ, ఎడమపక్క నేను అని ఒప్పందానికి వచ్చాం. అక్క యాభై రెండు కిలోలు. సావనీరు మీ చేతికి వచ్చేసరికి పెళ్ళికి ఇంకా మూడు వారాలుంటుంది, అప్పటికి రెండు కిలోలైనా తగ్గమని రోజూ చెబుతున్నాను, వినడం లేదు.